ఎల్లోస్టోన్‌లో ఏడు రోజులు: స్వాతికి, అల్లుడుగారికి

చి.ల.సౌ. స్వాతికి, అల్లుడుగారికి ఆశీస్సులు.

మీరు పంపిన ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు ప్లాను నేనూ మీ పెద్దమ్మా కూర్చుని చూశాం. సెప్టెంబరు రెండో వారం పెట్టుకోవడం మంచి పని. స్కూళ్ళు తెరిచేసి ఉంటారు కాబట్టి రద్దీ తగ్గుతుంది, దోమల బెడద ఉండదు, ఎల్క్ దుప్పులు జతకట్టే కాలం మొదలవుతుంది. తేదీల వరకూ వందకి వంద మార్కులు. మిగతాదంతా మార్చాలి.

ఏడు రోజులకి ముప్ఫయ్యొక్క చోట్లు, రోజుకో చోట పడక రాసుకున్నారు. పార్కు దాదాపు 9,000 చదరపు కిలోమీటర్లు. లోపలి గ్రాండ్ లూప్ రోడ్డు ఎనిమిది అంకెలా మెలితిరిగి 142 మైళ్ళుంటుంది. ఫోన్లో చూస్తే ఇదెంతలే అనిపిస్తుంది. స్పీడు 45 మైళ్ళు దాటకూడదు, బైసన్ అనే అమెరికా అడవిదున్నల మంద రోడ్డెక్కితే గంటసేపు కదల్లేరు, ఎవరికో ఎలుగుబంటి కనిపించిందంటే అరమైలు పొడవున కార్లు నిలిచిపోతాయి. మీ ప్లాను ప్రకారం పోతే రోజులో ఆరేడు గంటలు స్టీరింగు వెనకే గడుస్తుంది, అదీ జంతువులు ఎండకి చెట్ల కింద పడుకునే వేళల్లో.

కాబట్టి రెండే చోట్ల గుడారం వెయ్యండి. మొదటి నాలుగు రాత్రులు మేడిసన్ క్యాంప్‌గ్రౌండ్‌లో, తర్వాత మూడు రాత్రులు కేన్యన్ క్యాంప్‌గ్రౌండ్‌లో. మేడిసన్ నుంచి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్ (ఉండుండి వేడినీళ్ళు పైకి చిమ్మే బుగ్గ) 16 మైళ్ళు, నారిస్ 14 మైళ్ళు, పడమటి గేటు 14 మైళ్ళు. వేడినీటి బుగ్గలన్నీ చేతికందే దూరంలో ఉంటాయి. కేన్యన్ నుంచి హేడెన్ లోయ పది నిమిషాలు, జలపాతాలు ఐదు నిమిషాలు. లమార్ లోయకి మాత్రం గంట పైన పడుతుంది, దాని సంగతి తర్వాత చెబుతాను. మేడిసన్‌లో స్నానాల గదులు లేవు. కేన్యన్‌లో స్నానానికీ బట్టలుతుక్కోడానికీ ఏర్పాటు ఉంది. ముందు మేడిసన్, తర్వాత కేన్యన్ అనడానికి ఇదొక కారణం. రెండోది ఎత్తు: మేడిసన్ 6,800 అడుగులు, కేన్యన్ 7,900. ఒళ్ళు కింద నాలుగు రోజులు అలవాటు పడి పైకెళితే తలనొప్పి రాదు. కేన్యన్ సెప్టెంబరు మూడో వారం దాటాక మూసేస్తారు కనుక తేదీ సరిచూసుకుని బుక్ చెయ్యండి. ఖాళీ లేదంటే వదిలెయ్యకండి. రద్దయినవి తిరిగి వస్తూనే ఉంటాయి, రోజూ పొద్దునొకసారి చూస్తుండండి.

గేటు దగ్గర కారుకి 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. పక్కనున్న గ్రాండ్ టీటన్ కూడా వెళ్ళేట్టయితే 80 డాలర్ల ఏడాది పాసు తీసుకోవడమే నయం. 2026 నుంచి అమెరికాలో నివాసం లేనివాళ్ళకి ఎల్లోస్టోన్‌లో మనిషికి 100 డాలర్లు అదనంగా వేస్తున్నారు, కనుక ఇద్దరి డ్రైవింగ్ లైసెన్సులూ చేతిలో ఉంచుకోండి. వచ్చే వేసవిలో మీ అమ్మానాన్నల్ని తీసుకొస్తామన్నావు కదా స్వాతీ, ఆ లెక్క అప్పుడు మర్చిపోకు.

మీ జాబితాలోంచి రెండు పేర్లు ఇప్పుడే కొట్టెయ్యండి. బాయిలింగ్ రివర్‌లో స్నానం 2022 జూన్ వరదలతోనే పోయింది. బిస్కెట్ బేసిన్‌లో 2024 జులై 23న బ్లాక్ డైమండ్ పూల్ దగ్గర నేల కింద ఆవిరి పేలి, బురద, రాళ్ళు చెక్క బాట మీద పడ్డాయి. అప్పట్నుంచీ అక్కడికి జనాన్ని పోనివ్వడం లేదు. పాత వీడియోలు చూసి ప్లాను వేస్తే ఇలాంటివే దొర్లుతాయి.

ఇక చలి. పగలు 18 డిగ్రీల సెల్సియస్ ఉన్న చోటే తెల్లవారుజామున సున్నా కిందకి పోతుంది. మీరు టెక్సస్‌లో కొన్న పడక సంచులు 40 డిగ్రీల ఫారెన్‌హీట్‌వి, అవి పనికిరావు. 20 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మైనస్ 7 సెల్సియస్, అని రాసున్నవి అద్దెకి తీసుకోండి. కప్పుకునేదాని గురించే అందరూ ఆలోచిస్తారు, చలి మాత్రం కింద నుంచి వస్తుంది. కింద పరిచే మ్యాటుకి ఆర్-విలువ (చలిని ఆపే శక్తి) నాలుగుకి తగ్గకూడదు. గాలి నింపే మామూలు పరుపు వేస్తే లోపలి గాలంతా చల్లబడి ఐసు దిమ్మ మీద పడుకున్నట్టే ఉంటుంది. పడుకునే ముందు స్టీలు సీసాలో వేడినీళ్ళు పోసి, మూత గట్టిగా బిగించి, సాక్సు తొడిగి కాళ్ళ దగ్గర పెట్టుకోండి. గుడారం కిటికీలు పూర్తిగా మూసెయ్యకండి. ఇద్దరి ఊపిరీ లోపల తడిగా పేరుకుని, తెల్లారేసరికి చినుకుల్లా మీదే రాలుతుంది. జీన్స్ ఒక్కటి చాలు, అదీ కారులోకి. తడిస్తే రోజంతా ఆరవు.

వంట విషయంలో మీ పెద్దమ్మ మాట యథాతథంగా రాస్తున్నాను: మూడు లీటర్ల కుక్కరు లేకుండా వెళ్ళొద్దు. మేడిసన్‌లో నీళ్ళు 93 డిగ్రీలకే మరుగుతాయి, కేన్యన్‌లో ఇంకో డిగ్రీ తక్కువ. ఆ వేడికి మూత లేని గిన్నెలో కందిపప్పు గంట ఉడికినా పలుకు పలుకుగానే ఉంటుంది, అన్నం పైన మెత్తబడి లోపల బిరుసుగా మిగులుతుంది. కందిపప్పు అరగంట నానబెట్టి, ఇంట్లో పెట్టే విజిల్స్‌కి రెండు కలపండి. అంత ఓపిక లేకపోతే పెసరపప్పు పట్టుకెళ్ళండి, రెండు విజిల్స్‌కి మెత్తబడుతుంది. కరెంటు కుక్కర్లు ఇంట్లోనే వదిలెయ్యండి. ఈ రెండు క్యాంపుల్లోనూ మీ సైటుకి కరెంటు రాదు.

స్టవ్ ప్రొపేన్‌దే కావాలి. పొడుగాటి డబ్బాలో వచ్చే బ్యూటేన్ స్టవ్ చవకే, కానీ బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరిగా మారడం మానేస్తుంది. కాఫీ బాగా తాగాలనిపించే ఆరు గంటలకే అది వెలగదు. ఒక పౌను ప్రొపేన్ సిలిండరు ఒక బర్నరు మీద పూర్తి మంటతో సుమారు రెండు గంటలు వస్తుంది. వారానికి నాలుగు చాలు. విమానంలో ఇవి రానివ్వరు, సాల్ట్ లేక్ సిటీలో దిగాక కొనండి. అక్కడే ఇండియన్ స్టోర్లో పెరుగు, కరివేపాకు, ఫ్రోజెన్ పరాటాలు కూడా తీసుకోండి. అక్కణ్ణించి వెస్ట్ ఎల్లోస్టోన్ 320 మైళ్ళ పైచిలుకు, ఐదు గంటల దారి.

పులిహోర పేస్టు, కందిపొడి, గోంగూర పచ్చడి, ఉప్మా రవ్వ ఇంట్లోనే వేయించింది: ఇవుంటే రోజుకి ఒక్కసారే స్టవ్ వెలిగిస్తే చాలు. తాలింపు మాత్రం తగ్గించండి. ఇంగువ, వెల్లుల్లి, నూనె వాసన బట్టల్లో పట్టేస్తుంది, ఎలుగుబంటి ముక్కుకి అది మైలు దూరం నుంచి పిలిచినట్టే. వంట చేసిన బట్టలు విప్పి కారులో పెట్టి, వేరేవి కట్టుకుని పడుకోవాలి. గుడారంలో తినేది ఏదీ ఉండకూడదు, వాసన వచ్చేదీ ఉండకూడదు. టూత్‌పేస్టు, కొబ్బరినూనె, క్రీములు, సాంబ్రాణి కడ్డీలు, ఖాళీ కూలరు, కడిగిన గిన్నెలు సహా అన్నీ అద్దాలు మూసిన కారులోనో, సైటు దగ్గర ఇనప పెట్టె ఉంటే అందులోనో పెట్టాలి. పెట్టె గొళ్ళెం టిక్కుమని పడిందో లేదో లాగి చూడండి. గిన్నెలు కడిగిన నీళ్ళు చెట్టు మొదట్లో పారబోస్తే కూడా తప్పే, జరిమానా వేస్తారు. అంట్లు తోమడానికి చూపించిన చోటే పొయ్యాలి. పగలు బల్ల మీద సంచి వదిలి నాలుగడుగులు వేసినా ఊరుకోవు మాలకాకులు. రేవెన్లంటారు వాటిని అక్కడ. జిప్పు పట్టుకుని లాగి తెరవడం వాటికి బాగా తెలుసు.

ఇప్పుడు రోజు ఎలా గడపాలో చెబుతాను. తెల్లవారుజామూ సాయంత్రమూ జంతువులకిచ్చెయ్యండి. పదకొండు నుంచి నాలుగు దాకా వేడినీళ్ళకివ్వండి. మధ్యలో నిద్రపోండి. ఈ మూడే.

వేడినీళ్ళు మధ్యాహ్నమే ఎందుకంటే, గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే పెద్ద వేడినీటి బుగ్గ దగ్గరికి పొద్దున ఎనిమిదింటికి వెళితే తెల్లటి ఆవిరి తప్ప ఏమీ కనిపించదు. చలిగాలికి ఆవిరి చిక్కబడుతుంది. ఎండ నడినెత్తికొచ్చి గాలి వెచ్చబడ్డాక రంగులు బయటపడతాయి. ముందు ఫెయిరీ ఫాల్స్ దారిలో కారు పెట్టి, 0.6 మైలు నడిచి గుట్ట మీది అరుగు నుంచి మొత్తం చూడండి. ఆ తర్వాత కిందకొచ్చి చెక్క బాట మీద దగ్గరగా చూడండి. ఈ వరస తిరగేస్తే కింద చూస్తున్నది ఏమిటో అర్థం కాదు. కింద నిలబడ్డప్పుడు చెరువు మధ్యకి కాదు, అంచుల నుంచి బయటికి పారే పలచటి నీళ్ళకేసి చూడండి. నడుమ నీలం ఉన్న చోట 87 డిగ్రీల వేడి, రంగు చాపలు అల్లే బాక్టీరియా అందులో బతకదు, అందుకే నీళ్ళ రంగే కనిపిస్తుంది. బయటికొచ్చేకొద్దీ నీళ్ళు చల్లారతాయి. 74 డిగ్రీల దగ్గర పసుపు, 65 దగ్గర నారింజ, 55 దగ్గర గోధుమ. ఆ రంగులన్నీ బాక్టీరియా చాపలే, ఒక్కో వేడికి ఒక్కో జాతి. థర్మామీటరు నేల మీద పరిచినట్టుంటుంది. అల్లుడుగారు ల్యాబులో పనిచేస్తారు కాబట్టి ఇంకొక్క మాట: డీఎన్ఏకి నకళ్ళు తీసే పీసీఆర్‌లో వాడే టాక్ ఎంజైము మూలం థెర్మస్ ఆక్వాటికస్ అనే బాక్టీరియా. దాన్ని శాస్త్రవేత్త థామస్ బ్రాక్ బృందం 1966లో ఈ చుట్టుపక్కల లోయర్ గీజర్ బేసిన్‌లోని మష్రూమ్ పూల్ నుంచే తీసింది.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కి అందరూ వెళతారు, మీరూ వెళ్ళండి. కానీ బోర్డు మీద రాసిన వేళకి పరిగెత్తకుండా, అది ఒకసారి పొంగుతుండగా ఫోన్లో టైమరు పెట్టండి. రెండున్నర నిమిషాల లోపే ఆగిపోతే తర్వాతది గంట, గంటా పది నిమిషాల్లో వస్తుంది. అంతకన్నా ఎక్కువ సేపు పొంగితే గంటన్నర ఆగాలి. పొంగు చిన్నదైతే లోపలి గొట్టాలు పూర్తిగా ఖాళీ కావు, అందుకని త్వరగా నిండి వేడెక్కుతాయి. అంతే లెక్క. పార్కు కాపలా చూసే రేంజర్లు చెప్పే వేళకి అటూ ఇటూ పది నిమిషాలు వదులు పెట్టుకోండి.

అసలు చూడాల్సింది రివర్‌సైడ్ గీజర్. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ నుంచి మైలున్నర లోపు నడక, ఫైర్‌హోల్ నదికి అవతలి గట్టున ఉంటుంది, ఇవతల బెంచీలుంటాయి. ఐదున్నర నుంచి ఏడు గంటలకొకసారి పొంగుతుంది. దాని అంచనా వేళని సందర్శకుల కేంద్రంలో రాసి పెడతారు, అరగంట అటూ ఇటూ. పొంగడానికి గంట, రెండు గంటల ముందే దాని పెదవి మీద నుంచి నీళ్ళు సన్నగా నదిలోకి కారడం మొదలవుతుంది. మొదట తడి మెరుపు, తర్వాత దారాల్లా, ఆ తర్వాత పలచటి తెర. ఆ తెర కనిపించిందంటే బెంచీ వదలకండి. పొంగు మొదలయ్యాక ఇరవై నిమిషాల దాకా ఉంటుంది, నీటి విల్లు నది మీదుగా వంగి పడుతుంది. మధ్యాహ్నం తర్వాత ఎండ పక్కన్నుంచి పడితే అందులో ఇంద్రధనుస్సు నిలుస్తుంది. ఒక పుస్తకం, కాసిని వేయించిన పల్లీలు పట్టుకెళ్ళండి.

తుంపరలు కళ్ళజోడు మీద, కెమెరా అద్దం మీద పడితే వెంటనే మంచినీళ్ళతో కడిగి అద్దండి. ఆ నీళ్ళలో సిలికా ఉంటుంది. ఆరనిస్తే మచ్చ శాశ్వతంగా మిగులుతుంది, పొడిగా రుద్దితే గీతలు పడతాయి.

చెక్క బాట దిగొద్దని వేరే చెప్పక్కర్లేదనుకోకండి. పక్కన గట్టినేలలా కనిపించేది చాలాచోట్ల అప్పడమంత పొర, కింద సలసలా కాగే నీళ్ళు. ఈ పార్కులో వేడినీటి బుగ్గల్లో కాలి చనిపోయినవాళ్ళు ఇరవై మందికి పైనే. టోపీ గాలికి ఎగిరి అటు పడితే అది పోయినట్టే, రేంజరుకి చెప్పండి. ఫోటో కోసం వెనక్కి నడిచే అలవాటు అల్లుడుగారికి ఉందని మీ పెళ్ళి వీడియోలోనే చూశాం.

నారిస్ బుగ్గలకి ఒక పూట చాలు. స్టీమ్‌బోట్ గీజర్ 300 అడుగులు దాటి లేస్తుందని విని అక్కడ కూర్చునేరు. అది ఎప్పుడు లేస్తుందో ఎవరూ చెప్పలేరు. పోర్సెలిన్ బేసిన్ చుట్టూ తిరిగి వచ్చెయ్యండి. మామత్‌లో వేడినీళ్ళు పేర్చిన రాతి మెట్లు కూడా ఒక పూటే.

జంతువుల సంగతికొద్దాం. చట్టం ప్రకారం ఎలుగుబంట్లకీ తోడేళ్ళకీ 100 గజాల దూరం, బైసన్, ఎల్క్ లాంటి వాటికి 25 గజాలు. గజాలు కళ్ళతో కొలవడం కష్టం కనుక క్రికెట్ పిచ్ తలుచుకోండి. పిచ్ 22 గజాలు. బైసన్ దగ్గర పిచ్ కంటే కాస్త ఎక్కువ, ఎలుగుబంటి దగ్గర నాలుగున్నర పిచ్‌లు. ఇంకా సులువైన లెక్క ఒకటుంది: చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, బొటనవేలు నిలబెట్టి చూడండి. జంతువు మొత్తం వేలి చాటుకి పోతే ఫర్వాలేదు. తోకో తలో బయటికి కనిపిస్తే వెనక్కి జరగండి.

ఎల్లోస్టోన్‌లో ఎక్కువ మందిని గాయపరిచేది బైసనే, ఎలుగుబంటి కాదు. ఇది మన అడవిదున్న కాదు, వేరే జాతి. మేస్తున్నప్పుడు ఊరి గేదెలా ఉంటుంది, అందుకే మనవాళ్ళు పక్కకెళ్ళి సెల్ఫీ దిగుతారు. మనిషి పరుగుకి మూడింతలు పరిగెడుతుంది. తోక చూడండి. వేలాడుతూ ఈగలు తోలుకుంటుంటే దాని పనిలో అది ఉంది. తోక పైకి లేచి కొక్కెంలా నిలబడినా, కాలితో నేల గోకినా, తల ఊపినా మీరు ఆలస్యం చేసినట్టే. కారు వెనక్కో, చెట్టు వెనక్కో పొండి. మంద రోడ్డు మీదకొస్తే అద్దాలు ఎత్తి, హారన్ కొట్టకుండా, దానంతట అది పోయేదాకా ఉండండి.

మేడిసన్‌లో ఉన్న నాలుగు రోజులూ చీకటి పడే ముందు నది పక్క పచ్చికల దగ్గర కారు ఆపుకోండి. మగ ఎల్క్ కేక వినిపిస్తుంది. అంత పెద్ద ఒంట్లోంచి సన్నటి ఈల వస్తుందని ఎవరూ అనుకోరు, చివర్న గుర్రుమని ముగుస్తుంది. గుడారంలోంచి కూడా వినొచ్చు. మామత్‌లో అయితే ఇవి పచ్చిక మీదే తిరుగుతుంటాయి. ఈ కాలంలో మగవి కార్లని కూడా కుమ్ముతాయి కనుక పార్కింగులో దిగేముందు నాలుగువైపులా చూడాలి.

ఎలుగుబంట్ల విషయం ఇంకాస్త వివరంగా. సెప్టెంబరులో అవి శీతాకాలం నిద్రకి కొవ్వు పెంచుకుంటూ రోజంతా తింటూనే ఉంటాయి. ముగ్గురు, అంతకుమించి గుంపుగా నడవమని పార్కు చెబుతుంది. మీరిద్దరే కాబట్టి జనం తిరిగే బాటలే ఎంచుకోండి, పొద్దున తొమ్మిది తర్వాతే మొదలుపెట్టండి, మలుపుల దగ్గర, వాగు హోరు దగ్గర గట్టిగా మాట్లాడండి. పాటలైతే ఇంకా మంచిది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు.

బేర్ స్ప్రే, అంటే ఎలుగుబంటి మీద కొట్టే మిరప మందు, ఇద్దరికీ చెరొకటి ఉండాలి. విమానంలో చెకిన్ సంచిలో కూడా రానివ్వరు, అక్కడే కొనండి లేదా అద్దెకి తీసుకోండి. డబ్బా మీద గడువు తేదీ చూడండి. నడుం బెల్టుకి తగిలించాలి. వీపు సంచిలో పెట్టుకుంటే లేనట్టే లెక్క, ఎలుగుబంటి జిప్పు తీసేదాకా ఆగదు. గుడారం దగ్గరే పది సార్లు సాధన చెయ్యండి: డబ్బా బయటికి, బొటనవేలితో సేఫ్టీ క్లిప్పు తియ్యడం, ముందుకి చాపడం. నొక్కకండి, మళ్ళీ క్లిప్పు పెట్టెయ్యండి. ఎలుగుబంటి మీదికి వస్తే 30 నుంచి 60 అడుగుల దూరంలో ఉండగా కాస్త కిందకి గురిపెట్టి నొక్కాలి. మిరప పొగ మేఘంలా లేస్తుంది, ఎలుగు దానిలోకి దూసుకొస్తుంది. డబ్బాలో మందు పది సెకన్లు కూడా రాదు, ముందే ఖర్చు పెట్టకండి. దోమల మందులా బట్టల మీదా గుడారం మీదా కొట్టుకునేవాళ్ళున్నారు, అలా చెయ్యకూడదు. ఆరిన మందు వాసన ఎలుగుబంటిని రప్పిస్తుంది. ఎండలో ఉన్న కారులో డబ్బా వదిలితే పేలొచ్చు.

కనిపించగానే పరిగెత్తొద్దు. స్ప్రే చేతిలోకి తీసుకుని మెల్లగా వెనక్కి జరగండి. ఇక్కడ ఎలుగుల్లో రెండు జాతులు, గ్రిజ్లీయో, నల్ల ఎలుగో రంగు చూసి చెప్పలేరు, నల్ల ఎలుగుల్లో గోధుమవీ ఉంటాయి. భుజాల మీద మూపురం, చిన్న గుండ్రటి చెవులు, లోపలికి వంగిన ముఖం ఉంటే గ్రిజ్లీ. స్ప్రే చేసినా మీద పడితే గ్రిజ్లీ దగ్గర బోర్లా పడుకుని, మెడ వెనక చేతులు కట్టుకుని, సంచి తియ్యకుండా కదలకుండా ఉండాలి. నల్ల ఎలుగైతే తిరగబడాలి.

కేన్యన్‌కి మారాక పొద్దున్నే హేడెన్ లోయకి పొండి. ఏడింటికి అటూ ఇటూగా పొద్దు పొడుస్తుంది, ఆరున్నరకల్లా ఒక పుల్అవుట్‌లో కారు ఆపి ఉండాలి. పుల్అవుట్ అంటే తెల్లగీత బయట నాలుగు చక్రాలూ పట్టేలా ఇచ్చిన జాగా. సగం రోడ్డు మీద ఆపితే వెనకవాళ్ళు తిడతారు, రేంజరు జరిమానా వేస్తాడు. ఒకే చోట గంట కూర్చోండి. ఐదు చోట్ల పన్నెండేసి నిమిషాలు ఆగితే ఏదీ కనిపించదు. కళ్ళు లోయకి అలవాటు పడ్డానికే ఇరవై నిమిషాలు పడుతుంది. ముందు రాళ్ళు, మొద్దులు, పొదలు గుర్తుపెట్టుకోండి. కాసేపటికి వాటిలో ఒకటి స్థలం మారి ఉంటుంది.

లమార్ లోయకి ఒక్క రోజు కేటాయించండి. కేన్యన్ నుంచి టవర్ 19 మైళ్ళు, మధ్యలో 8,859 అడుగుల డన్‌రావెన్ కనుమ, ఆ తర్వాత ఇంకో పదిపన్నెండు మైళ్ళు. ఐదింటికి బయల్దేరాలి, రాత్రి మంచు పడిందేమో ముందురోజే అడగాలి. చీకట్లో 35 మైళ్ళు మించి నడపకండి. నల్లటి బైసన్ నల్లటి రోడ్డు మీద నిలబడితే దగ్గరికొచ్చేదాకా తెలీదు. తోడేళ్ళని 1926 నాటికి ఈ పార్కులో లేకుండా చంపేశారు. 1995, 1996ల్లో కెనడా నుంచి 31 తెచ్చి వదిలారు, వాటి సంతతే ఇప్పుడు తిరిగేది. మీకు అవి మైలు దూరంలో చుక్కల్లా కనిపిస్తాయి. 10x42 బైనాక్యులర్స్‌తో ఉన్నట్టు తెలుస్తుంది, ముఖం తెలీదు. గట్టు మీద మూడు కాళ్ళ స్టాండ్లు వేసుకుని, టోపీలు లాక్కుని, థర్మాస్ పక్కన పెట్టుకుని నిశ్శబ్దంగా నిలబడే మనుషులు కనిపిస్తారు. కారు దూరంగా ఆపి, తలుపు చప్పుడు కాకుండా వేసి, వెళ్ళి మెల్లగా ఏం కనిపిస్తోందని అడగండి. చాలామంది స్టాండు మీది తమ స్కోపు (దుర్భిణి) లోంచి చూడనిస్తారు. కంటితో తాకకుండా, గొట్టం కదపకుండా, కళ్ళజోడు తీసి చూడండి. అక్కడ నక్కకి పెద్దక్కలా ఉండే కయోటీని చూసి తోడేలని అరిచినవాళ్ళని చూసి మర్యాదగానే నవ్వుతారు. చెవులు పెద్దవిగా, మూతి సన్నగా ఉంటే కయోటీ.

జలపాతాలకి ఒక పూట. లోయర్ ఫాల్స్ 308 అడుగులు, ఆర్టిస్ట్ పాయింట్ నుంచి పొద్దుటి ఎండలో బావుంటుంది. దాని అంచుకి దిగే బాట 600 అడుగుల దిగుడు, దిగినదంతా ఎక్కాలి కదా, నీళ్ళు పట్టుకెళ్ళండి. వాష్‌బర్న్ కొండ 10,243 అడుగులు, డన్‌రావెన్ వైపు నుంచి వెళ్ళడానికి మూడు మైళ్ళు, 1,400 అడుగుల ఎక్కుడు. దాన్ని ఆరో రోజు పెట్టుకోండి, మధ్యాహ్నం ఉరుములు మొదలయ్యేలోపు కిందకి వచ్చెయ్యండి. ఆ కొండ మీద పైన్ గింజల కోసం ఎలుగులు తిరుగుతాయి, స్ప్రే నడుముకే ఉండాలి. సరస్సు వైపు వెళ్ళే తీరిక ఉంటే గట్టు మీది వెస్ట్ థంబ్ బుగ్గలు చూసి రండి. చూడ్డానికి సముద్రంలా ఉందని నీళ్ళలోకి దిగకండి, వేసవిలోనే అవి ప్రాణం తీసేంత చల్లన.

పెట్రోలు సగానికి రాగానే నింపుకోండి. మ్యాపు, పార్కు యాప్ ఇంట్లోనే ఆఫ్‌లైన్‌లో దించుకోండి, చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. మీ అమ్మకి ముందే చెప్పు స్వాతీ, వారం రోజులు వీడియో కాల్ రాదని, రెండ్రోజులకోసారి మెసేజి వస్తుందని. లేకపోతే మూడోరోజుకి మాకు ఫోన్ చేస్తుంది. బాట పక్క మరుగుదొడ్లలో నీళ్ళుండవు, కారులో ఒక లీటరు సీసా వేరుగా పెట్టుకోండి.

మీ పెద్దమ్మ ఇంకో మాట చెప్పమంటోంది. వెండి పట్టీలు, మెట్టెలు తీసి ఇంట్లో పెట్టి వెళ్ళు. మడ్ వాల్కేనో అనే బురద బుగ్గల దగ్గర గంధకం గాలికి వెండి నల్లబడుతుంది. మెట్టెలు తీయనంటే సాక్సు వేసుకుని, తిరిగొచ్చాక చింతపండుతో తోముకో.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న